పళ్ళకు క్లిప్పులు: పిల్లలకు ఎప్పుడు, పెద్దలకు ఎప్పుడు, ఏ వరుసలో

"మా బాబుకి 8 ఏళ్ళు, ముందు పళ్ళ మధ్య సందు వచ్చింది, ఇప్పుడే క్లిప్పులు వేయించేయాలా?" అని ఒకరు అడుగుతారు. "నాకు 36, ఈ వయసులో పళ్ళు కదులుతాయా, కదిపితే ఊడిపోతాయా?" అని ఇంకొకరు. ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి విడివిడిగా జవాబులు రాసే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నాను.

నేను డాక్టర్ని కాదు. 19 ఏళ్ళప్పుడు ఒకసారి, 37 ఏళ్ళకు ఇంకోసారి క్లిప్పులు వేయించుకున్నాను, తర్వాత మా అమ్మాయికి వేయించాను. రెండోసారి ఎందుకు వేయించుకోవాల్సి వచ్చిందో చివర్లో చెప్తాను. మీ నోరు చూసి నిర్ణయించాల్సింది మీ డాక్టరే. ఆ కుర్చీలో కూర్చునే ముందూ కూర్చున్నాకా మీ చేతిలో ఉండే పనులు మాత్రం ఇవి.

## 1. చూపించడం వేరు, వేయించడం వేరు

ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు. "పాల పళ్ళన్నీ ఊడాక చూద్దాంలే" అని 13 ఏళ్ళ దాకా ఆగుతారు, లేదా 8 ఏళ్ళకే తీసుకెళ్ళి "క్లిప్పులు వేసేయండి" అంటారు.

మొదటిసారి చూపించాల్సిన వయసు 7. అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల (పళ్ళ వరుస సరిచేసే డాక్టర్ల) సంఘం కూడా పిల్లల్ని 7 ఏళ్ళ లోపు ఒకసారి చూపించమనే చెప్తుంది. ఆ వయసుకి వెనక మొదటి శాశ్వత దవడ పళ్ళు, ముందు శాశ్వత పళ్ళు కొన్ని వచ్చేసి ఉంటాయి కాబట్టి పై దవడ, కింది దవడ ఎలా కలుస్తున్నాయో డాక్టరుకు తెలిసిపోతుంది. చాలామంది పిల్లల విషయంలో ఆ రోజు జరిగేది "ఏమీ చేయక్కర్లేదు, ఏడాది తర్వాత మళ్ళీ తీసుకురండి" అని పంపించేయడమే. అది డబ్బు దండగ కాదు. ఆ వయసులో తేలిగ్గా సరిచేయగలిగే రెండు మూడు సమస్యలు ఉన్నాయి, వాటిని దాటిపోనివ్వకుండా ఉండటానికే ఆ చూపించడం.

పెద్దవాళ్ళకు పై వయసు పరిమితి లేదు. పన్ను చుట్టూ ఎముక, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉంటే 50 దాటాక కూడా పళ్ళు కదులుతాయి.

## 2. ఇంట్లో ఫోన్ టార్చితో 5 నిమిషాల పరీక్ష

పిల్లల్ని "కొరుకు" అంటే ముందు పళ్ళు కలిపి చూపిస్తారు, దాంతో మనకు ఏమీ తెలియదు. నాలుక కొసని అంగిట్లో వీలైనంత వెనక్కి పెట్టి, అలాగే నెమ్మదిగా నోరు మూసి వెనక పళ్ళు కలపమనండి. అప్పుడే అసలు కలయిక కనిపిస్తుంది. బుగ్గని చెంచా వెనక భాగంతో పక్కకు లాగి చూడండి.

- ముందు నుంచి: పై పళ్ళు కింది పళ్ళని కొంచెం కప్పాలి. కింది పళ్ళు అసలు కనిపించకుండా మూసుకుపోయినా, వెనక పళ్ళు కలిసినా ముందు సందు మిగిలిపోయినా రాసుకోండి.
- పక్కల నుంచి: పై పళ్ళు బయటికి, కింది పళ్ళు లోపలికి ఉండాలి. ఒక్క పన్ను తిరగబడి ఉన్నా రాసుకోండి.
- పై ముందు పళ్ళు కింది వాటికన్నా 2, 3 మిల్లీమీటర్లు ముందుకు ఉండటం మామూలే. 6 మిల్లీమీటర్లు దాటిన ఎత్తుపళ్ళయితే, పిల్లాడు సైకిల్ మీద నుంచి పడ్డప్పుడు మొదట విరిగేవి అవే.
- నోరు మూసేటప్పుడు గడ్డం ఒక పక్కకు జరుగుతోందా?
- రాత్రి నోరు తెరుచుకుని నిద్రపోతున్నారా, గురక ఉందా?
- ఒకవైపు పాల పన్ను ఊడి కొత్తది వచ్చేసి 6 నెలలైనా రెండోవైపు కదలికే లేదా?

10 ఏళ్ళు వచ్చాక ఇంకొకటి కలపండి. పై కోరపళ్ళ చోట చిగురు మీద చూపుడు వేలితో మెల్లగా రాయండి. మా అమ్మాయికి ఎడమవైపు బఠాణీ గింజంత ఉబ్బు వేలికి తగిలింది, కుడివైపు నున్నగా ఉంది, ఆ వైపు పాల కోరపన్ను రాయిలా కదలకుండా ఉంది. ఎక్స్‌రే తీస్తే శాశ్వత కోరపన్ను అంగిలి వైపు వాలి ఉందని తేలింది. అప్పటికి 11 ఏళ్ళే కాబట్టి డాక్టరు ఆ పాల పన్ను తీసేసి దారి ఇచ్చారు, ఏడాది తిరిగేలోపు శాశ్వత పన్ను తనంతట తనే కిందికి దిగింది. ఆలస్యమైతే చిగురు కోసి, పన్నుకి గొలుసు కట్టి లాగాల్సి వచ్చేది. అన్నిసార్లూ ఇలా తేలిగ్గా కుదరకపోవచ్చు, కానీ ఈ వేలితో రాసి చూడటానికి ఖర్చేమీ లేదు.

## 3. ఏ వయసులో ఏది ఆగదు, ఏది ఆగుతుంది

3 నుంచి 6 ఏళ్ళు. బొటనవేలు నోట్లో పెట్టుకోవడం 4 ఏళ్ళ లోపు మానేస్తే చాలాసార్లు పళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి. శాశ్వత ముందు పళ్ళు వచ్చే సమయానికి కూడా మానకపోతే డాక్టరు సాయం తీసుకోండి. వేపాకు రసం పూసి ఏడిపించకండి, తిట్టిన కొద్దీ ఆ అలవాటు దుప్పటి కిందకి మారుతుంది. పాల దవడ పళ్ళు పుచ్చితే "ఎలాగూ ఊడేవే కదా" అని పీకించేయకండి, అవి కింద వచ్చే పళ్ళకి చోటు కాపలా కాస్తాయి. తప్పక తీయాల్సి వస్తే ఆ చోటు మూసుకుపోకుండా స్పేస్ మెయింటెయినర్ కావాలా అని అడగండి.

6 నుంచి 10 ఏళ్ళు. ముందుగా ఒక సంగతి: 6 ఏళ్ళకు వెనక వచ్చే దవడ పన్నుకి ముందు ఏ పాల పన్నూ ఊడదు, అందుకని దాన్ని పాల పన్నే అనుకుని పుచ్చినా వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.

ఈ వయసులో ఆగకూడనివి మూడు. పై దవడ ఇరుకై పళ్ళు లోపలికి కొరకడం, కింది దవడ ముందుకు వచ్చి కింది పళ్ళు పై పళ్ళని కప్పడం, నోటితో గాలి పీల్చడం. అంగిలి మధ్యలో ఉండే అతుకు ఈ వయసులో ఇంకా గట్టిపడదు కాబట్టి ఎక్స్‌పాండర్‌తో దవడని వెడల్పు చేయొచ్చు, పెద్దయ్యాక అదే పని కష్టం. నోటితో గాలి పీల్చే పిల్లల్ని ముందు చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి చూపించండి, ముక్కు వెనక ఎడినాయిడ్లు అనే కండ అడ్డుగా ఉంటే క్లిప్పులతో ఆ సమస్య తీరదు.

ఆగేది ఒకటుంది, దానికే అందరూ కంగారు పడతారు: 7 నుంచి 11 ఏళ్ళ మధ్య పై ముందు పళ్ళు విచ్చుకుని కనిపించే సందు. కోరపళ్ళు దిగేటప్పుడు ఆ పళ్ళని దగ్గరికి నెడతాయి, చాలామందికి సందు దానంతట అదే మూసుకుంటుంది. ఎవరి మాటా విని దానికి రబ్బరు బ్యాండు తగిలించకండి. ఆ రబ్బరు చిగురు లోపలికి జారిపోయి, పన్ను చుట్టూ ఎముకని తినేసి, మంచి పళ్ళు ఊడిపోయే దాకా తెస్తుంది.

10 నుంచి 14 ఏళ్ళు. కింది దవడ వెనక్కి ఉండటం వల్ల వచ్చిన ఎత్తుపళ్ళకు ఇదే సరైన సమయం, ఎందుకంటే కింది దవడని ముందుకు పట్టి ఉంచే ట్విన్ బ్లాక్ లాంటి పరికరం పిల్లల ఎదుగుదలని వాడుకునే పని చేస్తుంది. ఆడపిల్లలకు ఆ వేగం రజస్వల అయ్యే ముందే ఎక్కువ, అయ్యాక నెమ్మదిస్తుంది. మగపిల్లలకు ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. "పెద్దమనిషి అయ్యాక చూద్దాం" అని ఆగితే మంచి కాలం దాటిపోతుంది.

మామూలు వంకర పళ్ళకు పూర్తి క్లిప్పులు సాధారణంగా 12 దాటాక, శాశ్వత పళ్ళు దాదాపు అన్నీ వచ్చాక మొదలవుతాయి, 18 నుంచి 24 నెలలు పడుతుంది. మన పిల్లల సంగతి తెలుసు కదా, పదో తరగతి అవగానే ఇంటర్ హాస్టల్. నెల నెలా బయటికి పంపరు. కాబట్టి 8వ తరగతిలోనే మొదలుపెడితే పది పరీక్షల నాటికి ఓ కొలిక్కి వస్తుంది. హాస్టల్లో వేయడానికి వారం ముందు వేయించడం మాత్రం వద్దు.

## 4. డాక్టరుని ఎంచుకోవడం, మొదటి రోజు అడగాల్సినవి

బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో 3 ఏళ్ళ ఎండీఎస్ చేసినవాళ్ళని వెతకండి. బోర్డు మీద క్లినిక్ యజమాని పేరు ఉండి, క్లిప్పుల డాక్టరు నెలకోసారి వచ్చి వెళ్ళే చోట్లు చాలా ఉన్నాయి. అది తప్పేమీ కాదు గానీ, ఆ డాక్టరు పేరు, వచ్చే రోజులు ముందే కనుక్కోండి. మధ్యలో డాక్టరు మారితే ప్లాన్ కూడా మారే ప్రమాదం ఉంది.

ఖర్చు భారమైతే డెంటల్ కాలేజీలకు వెళ్ళండి. హైదరాబాద్, విజయవాడ, కడపలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి, ప్రైవేటు కాలేజీలు చాలా జిల్లాల్లో ఉన్నాయి. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, పని మాత్రం ఓపికగా చేస్తారు.

ఫోటోలు, పళ్ళ అచ్చు లేదా స్కాన్, మొత్తం దవడ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, తల పక్క నుంచి తీసే సెఫలోగ్రామ్, ఇవన్నీ చూశాకే ప్లాన్ చెప్పాలి. ఇవేవీ లేకుండా అదే రోజు బ్రాకెట్లు (ఒక్కో పన్నుకి అతికించే చిన్న బిళ్ళలు, క్లిప్పుల తీగ వీటి గుండానే వెళ్తుంది) అతికించేస్తాం అంటే లేచి వచ్చేయండి.

అడగాల్సిన ప్రశ్నలు, ఫోన్లో రాసుకుని వెళ్ళండి:

- సమస్య పళ్ళదా, దవడ ఎముకదా?
- పళ్ళు తీయాలా? తీస్తే ఏవి, ఎందుకు? తీయకపోతే ఏమవుతుంది?
- చెప్పిన మొత్తంలో ఎక్స్‌రేలు, పళ్ళు తీయడం, ఊడిన బ్రాకెట్, చివర్లో రిటైనర్ (క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ జరగకుండా పెట్టుకునేది) కలిసే ఉన్నాయా?
- నేను ఊరు మారితే లెక్క ఎలా?

పై పన్ను పీకితే కంటి చూపు పోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు భయపెడతారు. పంటికీ చూపుకీ సంబంధం లేదు. పళ్ళు పట్టడానికి దవడలో చోటు లేనప్పుడు కోరపన్ను పక్కనున్న చిన్న దవడ పళ్ళు తీయడం మామూలు పద్ధతి. మీకు ఒప్పుదల కాకపోతే రికార్డుల కాపీ తీసుకుని ఇంకో ఆర్థోడాంటిస్టుని అడగండి, ఏ మంచి డాక్టరూ దానికి నొచ్చుకోరు.

## 5. క్లిప్పులకు ముందు జరగాల్సిన పనులు, ఇదే వరుసలో

1. పళ్ళు క్లీనింగ్, చిగుళ్ళ జబ్బు ఉంటే దానికి చికిత్స.
2. పుచ్చు పళ్ళకి ఫిల్లింగ్, అవసరమైతే రూట్ కెనాల్.
3. బ్రషింగ్ నేర్చుకోవడం. బ్రష్ చేయని పిల్లాడికి క్లిప్పులు వేస్తే తీసేనాటికి పళ్ళు నేరుగానే ఉంటాయి, ఒక్కో పన్ను మీద బ్రాకెట్ ఆకారంలో తెల్ల మచ్చ మిగులుతుంది.
4. తీయాల్సిన పళ్ళు తీయడం.
5. అప్పుడు బ్రాకెట్లు.

నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి. ఫ్లోరోసిస్ ఉన్న పళ్ళ మీద బ్రాకెట్ సరిగా అతుక్కోదు, డాక్టరు పన్నుని వేరేగా సిద్ధం చేయాల్సి ఉంటుంది. ఇంకోటి, క్లిప్పులతో గోధుమ రంగు మచ్చలు పోవు, దానికి వేరే చికిత్స ఉంది.

## 6. మెటల్, సిరామిక్, అలైనర్

ఖర్చులో మెటల్ అన్నిటికన్నా తక్కువ, అన్ని రకాల కేసులకీ పనికొస్తుంది. చాలా చోట్ల సుమారు 30 వేల నుంచి 60 వేల మధ్య చెప్తారు. సిరామిక్ పంటి రంగులో ఉంటుంది, కాస్త పెళుసు, దాన్ని పట్టి ఉంచే తెల్ల రబ్బర్లు మాత్రం మన కూరల్లో పసుపుకి రెండు రోజుల్లో పచ్చబడతాయి. అలైనర్లు అంటే పళ్ళ మీద తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, అవి చాలాసార్లు లక్ష దాటుతాయి. వాటిని రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, తినేటప్పుడే తీయాలి. గంట గంటకీ టీ తాగే అలవాటు ఉంటే మీకు అవి కుదరవని నా అభిప్రాయం.

డాక్టరు నోరు చూడకుండా పోస్టులో పంపే అలైనర్ల జోలికి పోకండి. చిగుళ్ళ జబ్బు ఉందో లేదో చూడకుండా పళ్ళు కదపడం ప్రమాదం. అమెరికాలో ఆ వ్యాపారం చేసిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడినప్పుడు చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళు దిక్కు తోచక మిగిలారు.

## 7. మొదటి వారం

అతికించేటప్పుడు నొప్పి ఉండదు. నాలుగైదు గంటల తర్వాత పళ్ళన్నీ బరువెక్కినట్టు మొదలై, రెండో రోజు అన్నం మెతుకు కొరికినా జివ్వుమంటుంది, నాలుగో రోజుకి తగ్గుతుంది. మెత్తగా పిసికిన పెరుగన్నం, పప్పన్నం, పొంగలి, పాలలో నానబెట్టిన ఇడ్లీ సిద్ధంగా పెట్టుకోండి. నొప్పి మాత్ర ఏది, ఎంత మోతాదో ఆ రోజే డాక్టరుని అడిగి రాయించుకోండి.

బుగ్గ లోపల గీరుకుంటే క్లిప్పుల కోసమే ఉండే మైనం వాడాలి, తడిగా ఉన్న బ్రాకెట్ మీద అది నిలవదు. దూదితో తుడిచి, శనగ గింజంత మైనం వేళ్ళ మధ్య ఉండ చేసి, నొక్కి పెట్టండి. గోరువెచ్చని ఉప్పు నీళ్ళు రోజుకి మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే పుళ్ళు త్వరగా మానతాయి.

## 8. రోజూ చేయాల్సింది

తిన్న ప్రతిసారీ బ్రష్ చేయాలి. బ్రాకెట్ పైన ఒకసారి, కింద ఒకసారి, బ్రష్‌ని 45 డిగ్రీలు వాల్చి, తీగ కిందికి సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ దూర్చి. రాత్రి దానికి 5 నిమిషాలు పడుతుంది, తక్కువ పట్టిందంటే ఏదో వదిలేశారని అర్థం. స్కూల్లో కుదరకపోతే కనీసం నీళ్ళు గట్టిగా పుక్కిలించమనండి.

తిండిలో వద్దనేవి: జంతికలు, చెక్కలు, పల్లీపట్టి, చెరుకు, మటన్ బొమికలు, ఐస్ ముక్కలు, ఆవకాయ టెంక. జామకాయ, ఆపిల్ కొరకకుండా ముక్కలు కోసి, మొక్కజొన్న పొత్తు గింజలు ఒలిచి తినొచ్చు. మా అమ్మాయి మొదటి బ్రాకెట్ సంక్రాంతికి ఊడింది, అమ్మమ్మ ప్రేమగా పెట్టిన జంతికతో. అప్పటి నుంచి ఊరెళ్ళే ముందే ఫోన్ చేసి ఏం వండాలో చెప్తున్నాను.

## 9. ఏదైనా తేడా వస్తే

- బ్రాకెట్ ఊడింది: తీగకి వేలాడుతుంటే అలాగే ఉంచి మైనం పెట్టి, డాక్టరుకి ఫోన్ చేయండి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగితే ఆ పన్ను వెనక్కి వెళ్తుంది.
- తీగ కొస గుచ్చుతోంది: పెన్సిల్ వెనక రబ్బరుతో మెల్లగా లోపలికి వంచండి. కాకపోతే మైనం. ఇంట్లో కత్తిరించొద్దు, ముక్క గొంతులోకి పోవచ్చు.
- బ్రాకెట్ మింగేశారు: ఎక్కువసార్లు దానంతట అదే బయటికి పోతుంది, అయినా డాక్టరుకి చెప్పండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి.
- పై, కింది పళ్ళ మధ్య తగిలించుకోమని డాక్టరు ఇచ్చిన రబ్బర్లు పెట్టుకోవడం మర్చిపోయారు: మరుసటి రోజు రెండు రెట్లు పెట్టుకోకండి, చెప్పిన లెక్కలోనే కొనసాగించండి. తిండికీ బ్రషింగ్‌కీ తప్ప రోజంతా ఉండాలని చెప్తే అంతే ఉండాలి.
- రెండు నెలలు వెళ్ళలేకపోయారు: తిడతారని మానేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. చూసేవాళ్ళు లేకపోయినా ఆ తీగ పళ్ళని జరుపుతూనే ఉంటుంది.

## 10. పెద్దవాళ్ళు అదనంగా చూసుకోవాల్సినవి

ఒకప్పుడు నేరుగా ఉన్న ముందు పళ్ళు 35, 40 ఏళ్ళలో విచ్చుకుని ముందుకు వస్తుంటే అది తరచుగా చిగుళ్ళ జబ్బు గుర్తు. ముందు దానికి చికిత్స, తర్వాతే క్లిప్పులు. షుగర్ అదుపులో ఉండాలి. ఎముకల బలానికి వాడే మందులు, ముఖ్యంగా బిస్ఫాస్ఫోనేట్లు, వాడుతుంటే తప్పక చెప్పండి, వాటితో పళ్ళ కదలిక మందగిస్తుంది. గర్భవతులు ఎక్స్‌రేకి ముందే చెప్పాలి.

ఊడిన పన్ను చోట ఇంప్లాంట్ వేయించాలనుకుంటే క్లిప్పులు అయ్యాకే వేయించండి. ఇంప్లాంట్ ఎముకకి అతుక్కుపోతుంది కాబట్టి దాన్ని జరపలేరు. రూట్ కెనాల్ చేసిన పళ్ళు మాత్రం మామూలుగానే జరుగుతాయి.

దవడ ఎముకే బాగా ముందుకో వెనక్కో ఉంటే క్లిప్పులు ఒక్కటే చాలవు, ఎదుగుదల ఆగాక సర్జరీ కూడా కావాలి.

పెళ్ళి కుదిరింది, 6 నెలల్లో కావాలి అనేవాళ్ళు చాలామంది. పళ్ళు తీసి సందులు మూసే కేసులో పన్ను నెలకి సుమారు 1 మిల్లీమీటరు జరుగుతుంది, తొందరపెడితే వేర్లు దెబ్బతింటాయి. పెళ్ళి ఫోటోలకి సిరామిక్ వేయించుకుని చికిత్స కొనసాగించడం, లేదా పెళ్ళయ్యాక మొదలుపెట్టడం, ఈ రెండే మార్గాలు. ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళకీ ఇదే మాట. వీసా వచ్చే ఏడాదిలో మొదలుపెట్టకండి, అప్పటికే మధ్యలో ఉంటే ఎక్స్‌రేలు, స్కాన్ ఫైళ్ళు, ప్లాన్, ఇప్పటిదాకా జరిగినదంతా పెన్‌డ్రైవ్‌లో తీసుకుని వెళ్ళండి. అక్కడ డాక్టరు దొరకడం, ఖర్చు, రెండూ భారమే.

## 11. క్లిప్పులు తీసిన రోజు సగం పనే అయినట్టు

19 ఏళ్ళప్పుడు నాకు క్లిప్పులు తీసిన చోట ఒక డబ్బాలో రిటైనర్ పెట్టి ఇచ్చి "రాత్రిళ్ళు పెట్టుకోమ్మా" అన్నారు. ఎన్నాళ్ళో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆరు నెలలు పెట్టుకున్నాను, తర్వాత పెళ్ళి, ఊరు మారడం, ఆ డబ్బా ఏ అట్టపెట్టెలో పోయిందో తెలియదు. 30 వచ్చేసరికి కింది పళ్ళు మళ్ళీ ఒకదాని మీదకి ఒకటి ఎక్కాయి. మా నాన్న అప్పట్లో కట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండోసారి చేసిన డాక్టరు చెప్పాకే తెలిసింది, పన్ను చుట్టూ ఉండే నారలు కొత్త చోటుకి అలవాటు పడటానికే దాదాపు ఏడాది పడుతుందని, ఆ తర్వాత కూడా వయసుతో పళ్ళు కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటాయని.

- మొదటి నెలల్లో డాక్టరు చెప్పినన్ని గంటలు, తర్వాత రాత్రిళ్ళు, ఏళ్ళ తరబడి.
- పళ్ళ వెనక అతికించిన తీగ ఉంటే ఏడాదికోసారి చూపించండి, ఒక చివర ఊడినా మనకు తెలియదు.
- వేడినీళ్ళలో కడగొద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది. చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు.
- హోటల్లో టిష్యూలో చుట్టి కంచం పక్కన పెట్టొద్దు, ప్లేట్లతో పాటు చెత్తలోకి పోతుంది. డబ్బా ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.
- పోతే లేదా బిగుతుగా అనిపిస్తే అదే వారంలో వెళ్ళండి. నెల దాటితే పాతది పట్టకపోవచ్చు.

మా అమ్మాయి రిటైనర్ డబ్బా టూత్‌బ్రష్ గ్లాసు పక్కనే ఉంటుంది. రాత్రి అది ఖాళీగా, ఉదయం నిండుగా ఉందో లేదో నేను చూస్తాను. స్పేర్ సెట్ ఒకటి చేయించి బీరువాలో పెట్టాను.